అందించని మాట

ఉప్పువాడి వేషానికి తమ్ముణ్ణి పిలిపించానని అయ్యగారు చెప్పగానే గుసగుసమ్మ గుండెలో రాయి పడింది.

"మా వాణ్ణా?" అంది, టీ గ్లాసు నోటిదాకా వెళ్ళకుండానే.

"మీ వాణ్ణే. ఏం, ఆ వేషం వాడికంటే బాగా కట్టినవాడు ఊళ్ళో ఉన్నాడా?"

"వాడు ఇటు తొంగిచూసి ఇరవై రెండేళ్ళయిందండీ."

"అయితే ఏం? నాకు డెబ్బై నాలుగొచ్చాయి. పాత కోపాలన్నీ మూటగట్టుకుని పైకి పోవాలా?" అని అయ్యగారు నవ్వారు.

ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఆయన నోటికి మాట అందిస్తున్న మనిషి. ఆయన దగ్గర ఎన్ని నవ్వులున్నాయో, ఏది ఎప్పుడు బయటికి తీస్తారో ఆమెకు తెలుసు. ఇది ఆయన కట్టే దొర వేషంలో, రెండో అంకంలోది. శత్రువుల ఓడ కనిపించిందని కబురు వచ్చినప్పుడు దొర నవ్వే నవ్వు.

ఆమె అయ్యగారి నాటక సమాజానికి ప్రాంప్టర్. స్టేజీ ముందంచున నేలలోకి దింపిన చెక్కగూట్లో, తల మాత్రం పైకి కనిపించేలా కూర్చుని, నటుడు మాట మరిచిపోతే మొదటి వరుసకు కూడా వినపడకుండా అందించడం ఆమె పని. అందుకే గుసగుసమ్మ అయింది. సొంత పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ థియేటరు పరాయి దొరలు కట్టింది. వాళ్ళు ఓడలెక్కి పోయి చాలాకాలమైనా వాళ్ళ నాటకం 'ఏడు బావులు' మాత్రం పోలేదు. బళ్ళో పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలు రాస్తారు. అందులో ఒక సేనాపతిని తోటివాళ్ళే కుట్రపన్ని దేశం నుంచి వెళ్ళగొడతారు. అతను దిక్కులేక ఒక ఉప్పుతీరానికి చేరతాడు. నాలుక పిడచకట్టుకుపోతున్న అతనికి, అక్కడ ఉప్పు పండించుకుని బతికేవాడొకడు ఇసుకలో దాగిన ఏడు తీపినీళ్ళ బావులు చూపిస్తాడు. ఏడాది తిరక్కుండా ఏడు బావులకూ ఏడు తాళాలు పడతాయి. తాళపుచెవులు ఇప్పుడు దొర అయి కూర్చున్న సేనాపతి మొలకి, కావడి ఉప్పువాడి భుజానికి. పన్నెండేళ్ళు గడిచాక ఆ పాత శత్రువులే, ఓడలో నీళ్ళు నిండుకుని, ప్రాణాలు అరచేత పట్టుకుని ఆ ఒడ్డుకే వస్తారు. దొర పగ తీర్చుకోగలిగీ తీర్చుకోడు. అందర్నీ క్షమించి కడుపునిండా నీళ్ళు పోస్తాడు. హాలంతా కళ్ళు తుడుచుకుంటుంది. చివర్లో, ఒకప్పుడు తాళపుచెవులు దొంగిలించబోయిన ఉప్పువాడు మోకాళ్ళ మీద పడి క్షమించమంటాడు. దొర వాణ్ణీ క్షమించి, ఓడెక్కి తన దేశానికి వెళ్ళిపోతాడు.

"మరి తాళపుచెవులు?" అని అడిగినవాడు ఆ ఊళ్ళో ఒక్కడే, ఆమె తమ్ముడు. పంతొమ్మిదేళ్ళ వయసులో, మొదటి రిహార్సల్లోనే. "బావులు వాడివి కదండీ, వాడెందుకు క్షమాపణ అడగాలి?"

"ఇచ్చిన మాటలు చెప్పు. ఇవ్వనివి చెప్పకు," అన్నారు అయ్యగారు ఆ రోజు.

అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఉప్పుమళ్ళ పేట. ఆ పేటవాళ్ళకు హాల్లో వెనక బల్లలు, స్టేజీ మీద ఉప్పువాడి గోచీ. దొర వేషం మాత్రం, పూర్వం దొరల కచేరీల్లో రాతపని చేసిన కుటుంబాలకే. ఆ వేషానికి తొడిగే ఎర్రకోటు అయ్యగారి తాతకు ఎవరో దొర పోతూ పోతూ ఇచ్చిపోయిందట. ఇరవై ఏడో ఏట తమ్ముడు ఉండబట్టలేక దొర వేషం అడిగాడు. "నీ మొహానికి కోటు నప్పదురా," అని అయ్యగారంటే గ్రీన్‌రూమంతా గొల్లుమంది. సరిగ్గా పది రోజులకు ఆ ప్రమాదం జరిగింది.

స్టేజీ మధ్యలో బావిమూతలాంటి తలుపు ఉంటుంది. ఉప్పువాడు కిందనుంచి నిచ్చెనెక్కి అందులోంచే పైకొస్తాడు. ఆ పని అయ్యాక అదే దారిన దిగి కింద గడియ వేసెయ్యాలి. లేకపోతే మూత చిన్న స్ప్రింగు కొక్కెం మీద ఊరికే నిలబడుతుంది, మనిషి బరువు ఆపలేదు. ఆ రోజు మూడో అంకంలో పెద్ద ప్రసంగానికి అయ్యగారు దాని మీద కాలు పెట్టారు. మూత తెరుచుకుంది. ఎడమకాలు రెండు చోట్ల విరిగింది. ఆ కుంటి నడక ఇవాళ్టికీ పోలేదు.

గ్రీన్‌రూమ్‌లోనే విచారణ పెట్టారు. గడియ వేశానన్నాడు తమ్ముడు. ప్రాంప్టరు గూట్లోంచి కిందికి వంగితే స్టేజీ కిందంతా కనిపిస్తుంది కాబట్టి గుసగుసమ్మను పిలిచి అడిగారు.

"చూశాను. వాడి చెయ్యి గడియ మీద ఉంది," అంది ఆమె.

వేస్తున్న చెయ్యో, తీస్తున్న చెయ్యో ఆమెకు తెలీదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ సాయంత్రమే తమ్ముణ్ణి మెడపట్టి గెంటినంత పని చేశారు. ఆమె గూట్లోనే ఉండిపోయింది. వాడే చేశాడని లోలోపల నమ్మింది కనకే ఉండగలిగింది. అమ్మ పోయినప్పుడు కూడా అక్కాతమ్ముళ్ళు చెరో గోడకు ఆనుకుని ఏడ్చారు.

ఇప్పుడు ఆ తమ్ముణ్ణే అయ్యగారు కబురుపెట్టి పిలిపించారు. గుసగుసమ్మకు ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

మర్నాడు తమ్ముడు వచ్చాడు. నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, చెవుల దగ్గర నెరిసింది. ఉప్పుమళ్ళలో పంపుల మెకానిక్కు, ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో గ్రీజు పోదు. అయ్యగారు కర్ర ఊతంతో లేచి, అందరూ చూస్తుండగా రెండు చేతులూ చాచారు.

"రారా! నిన్ను నేను ఏనాడో క్షమించేశాను."

అందరూ చప్పట్లు కొట్టారు. తమ్ముడు ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, "రిహార్సల్ ఎన్నింటికండీ?" అన్నాడు. అంతే. అక్క వైపు తిరగనైనా తిరగలేదు.

ఇంత మెత్తగా ఉన్నాడేంటి వీడు, అనుకుంది గుసగుసమ్మ. ఆయన ఎందుకు పిలిచాడు, వీడు ఎందుకొచ్చాడు? ఏ గొడవా లేకుండా పులీ మేకా ఒకే రేవులో నీళ్ళు తాగుతుంటే చూసేవాళ్ళకే భయం.

వారం తిరిగేసరికి ఆమె భయానికి ఇంకాస్త మేత దొరికింది. అయ్యగారు ఆమె గూటి దగ్గరికొచ్చి, ప్రాంప్టు పుస్తకం దారం విప్పి, చివరి రంగం కాగితాలు తీసేసుకున్నారు.

"ఇది తిరగరాశాను. ఈ రంగానికి నువ్వు అక్కర్లేదు."

"ప్రాంప్టరు లేకుండా ఎలాగండీ? మీకేమో..." అని నాలిక కరుచుకుంది. ఆయనకు మాటలు గుర్తుండవన్న సంగతి సమాజంలో అందరికీ తెలుసు. తెలీనట్టు నటించడం కూడా అందరికీ తెలుసు.

"నాలుగు మాటలేగా. నేనూ వాడూ చూసుకుంటాం. థియేటరుకు వందేళ్ళు నిండుతున్నాయి, జనానికి కొత్తదేదో ఉండాలిగా," అని ఆయన కాగితాలు కోటు జేబులో దోపుకున్నారు.

ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ పుస్తకంలోంచి ఒక్క కాగితం ఆమె చెయ్యి దాటి పోలేదు. ఆ రోజునుంచి సాయంత్రం నాలుగింటికి అయ్యగారూ తమ్ముడూ మేడమీది గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. గుసగుసమ్మ ఆ గది బయట విగ్గులు దువ్వడానికి కూర్చునేది. ఉన్నవి ఎనిమిది విగ్గులు. మూడు రోజులు దువ్వినవే దువ్వింది. తలుపు మందం, మాట పూర్తిగా వినపడేది కాదు. 'మోకాళ్ళ మీద' అని ఒకసారి వినిపించింది. 'నీళ్ళు నీవి' అని ఒకసారి. ఆపైన తమ్ముడి గొంతు, మళ్ళీ మళ్ళీ ఒకటే మాట: "ఏనాడో క్షమించాను దొరా. ఏనాడో క్షమించాను."

ఎవరు ఎవర్ని? వీడు దొరను క్షమించడమేంటి? ఆలోచించేకొద్దీ ఆమెకు ఒకటే తోచింది. వీడి చేత స్టేజీ మీద ఏదో ఒప్పించబోతున్నాడు ముసలాయన. ఊరంతా చూస్తుండగా వీణ్ణి మోకాళ్ళ మీద కూలేసి, పాత గడియ సంగతి కక్కిస్తాడు. మెత్తని కత్తి.

దానికి తోడు ఇంకోటి చూసింది. నాటకానికి నాలుగు రోజులుందనగా, గూట్లో బల్ల తుడుచుకుంటూ కిందికి వంగితే, స్టేజీ కింద టార్చిలైటు వెలుగు. తమ్ముడూ, వడ్రంగీ. వడ్రంగిని సమాజంలో మేకు మామ అంటారు, మనిషి అంత సన్నం. తమ్ముడు బావిమూత గడియను పట్టుకుని లాగి చూస్తున్నాడు. మళ్ళీ అదే చెయ్యి, అదే చోటు. ఇన్నాళ్ళూ ముసలాయన్నే అనుమానించింది. పగబట్టి వచ్చింది వీడైతే?

మేకు మామ పైకి రాగానే పట్టుకుంది.

"వాడు నీ చేత ఏం చేయిస్తున్నాడు?"

"గడియ చూపించమన్నాడు, చూపించాను."

"ఎందుకట?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అని మేకు మామ నవ్వి, గొంతు తగ్గించాడు. "నీకో మాట చెప్తాను, ఎవరికీ అనకు. నా కొట్టులో గుడ్డ కప్పిన బోర్డొకటుంది. పన్నెండడుగుల టేకు. థియేటరు గుమ్మం మీదికి. దాని మీద అక్షరాలు ఎవరివో తెలుసా? అయ్యగారి పేరు. ఈ ఆట బాగా రక్తికడితే కమిటీవాళ్ళు థియేటరుకు ఆయన పేరు పెడతారట."

"ఆయనకు తెలుసా?"

"అక్షరాల సైజు చెప్పిందే ఆయన."

ఆ మాటతో గుసగుసమ్మ అక్కడ ఉండలేకపోయింది. తిన్నగా ఉప్పుమళ్ళ పేటకు నడిచింది. తమ్ముడి ఇంటి గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయిందో లెక్కలేదు. మరదలు తలుపు తీసి కుర్చీ జరిపింది. తమ్ముడు పెరట్లో పంపు భాగాలు కిరోసిన్‌లో కడుగుతున్నాడు.

"ఏంటక్కా?" అన్నాడు తలెత్తకుండా.

"ఆ ముసలాయన నిన్నేదో చెయ్యబోతున్నాడురా. అంతా ఆయన పేరు బోర్డు కోసం. నువ్వు మోకాళ్ళ మీద పడితే ఊరు నిన్ను ఇంకో ఇరవయ్యేళ్ళు దొంగలా చూస్తుంది."

"మోకాళ్ళ మీద పడేది నేను కాదు."

"మరి?"

"మాటిచ్చాను, చెప్పకూడదు. కాగితాలు చదివాకే ఒప్పుకున్నాను. నేను పంతొమ్మిదేళ్ళప్పుడు అడిగింది ఇన్నాళ్ళకు రాశాడాయన. తాళపుచెవులు తిరిగిస్తాడు." ఆ మాట అంటున్నప్పుడు తమ్ముడి మొహంలో కుర్రతనం తొంగిచూసింది. మరుక్షణం మాయమైంది.

"సరే. ఆ గడియ దగ్గర నీకేం పనిరా?" అని అడిగేసింది ఆమె.

తమ్ముడు చేతిలోని ఇనుపముక్క కింద పెట్టాడు. నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు.

"అదన్నమాట నువ్వొచ్చిన పని," అన్నాడు. "నువ్వు అడగాల్సింది అది కాదక్కా."

ఇంకేం అడగాలో ఆమెకు తెలుసు. గొంతుదాకా వచ్చింది కూడా. అడిగే ధైర్యం లేక, మరదలు ఇచ్చిన నీళ్ళు తాగి తిరిగొచ్చింది.

నాటకం ఆదివారం మధ్యాహ్నం. ఉప్పుమళ్ళలో రెండు షిఫ్టులవాళ్ళూ చూడ్డానికి వీలుగా మూడింటికే తెర లేపారు. ఆరువందల కుర్చీలూ నిండి, వెనక బల్లల మీద ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. మొదటి వరుసలో కమిటీవాళ్ళు, పత్రికలవాళ్ళు. గుసగుసమ్మ గూట్లో దిగి పుస్తకం తెరిచింది. చివరి కాగితాలు లేని పుస్తకం పన్నూడిన నోరులా ఉంది.

రెండు అంకాలూ సాఫీగానే నడిచాయి. అయ్యగారికి పదకొండుసార్లు మాట అందించింది. ఆయన ప్రతిసారీ కావాలని ఆగినట్టు నిలబడి, గాలి పీల్చి, ఆ మాట తనదన్నట్టు అందుకున్నారు. ఆ విద్య ఆయనకే చెల్లు. తమ్ముడు బావిలోంచి కావడితో పైకొచ్చినప్పుడు వెనక బల్లలు ఈలలు వేశాయి. వాడు కిందికి దిగి వెళ్ళాక ఆమె వంగి చూసింది. చీకట్లో వాడి చెయ్యి పైకి లేచి, గడియ దగ్గర కాసేపు ఉండి, దిగింది. మళ్ళీ తెలీలేదు, వేసిందో తీసిందో.

మూడో అంకం. అయ్యగారు కర్ర టకటకలాడించుకుంటూ బావిమూత వైపు నడిచారు. గుసగుసమ్మ ఊపిరి బిగబట్టింది. ఒక కాలు పెట్టారు. రెండోదీ పెట్టారు. మూత రాయిలా నిలబడింది. ప్రసంగం పూర్తయ్యి చప్పట్లు మోగేదాకా ఆమె పుస్తకంలో కాగితం తిప్పలేదు. అప్పుడు కనిపించింది, మూత అంచుకు కొత్త ఇత్తడి గడియ మెరుస్తోంది. మామూలు గడియ చాలదని, విరామంలో మేకు మామ వేసేలా పైనుంచి కూడా ఇంకోటి బిగించారు. తమ్ముడు మేకు మామ చేత చేయించిన పని అదీ. ఇంకోసారి ఆ మనిషి పడితే తనమీదికే వస్తుందని భయపడ్డాడేమో, ఆయన కాలు గుర్తొచ్చి చేయించాడేమో. ఏదైనా గానీ, గుసగుసమ్మకు తల గూట్లోకి దించేసుకోవాలనిపించింది.

చివరి రంగం మొదలైంది. శత్రువులు నీళ్ళు తాగి ఓడెక్కారు. దొరా ఉప్పువాడూ మిగిలారు. ఊరంతటికీ నోటికొచ్చిన నాటకం, ఇప్పుడు ఉప్పువాడు మోకాళ్ళ మీద పడాలి. వాడు పడలేదు. కర్ర పక్కన పడేసి, కుంటికాలు అతికష్టమ్మీద మడిచి, ఎర్రకోటు దొర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. హాల్లో కలకలం రేగింది.

"నీళ్ళు నీవి. బావులు నీవి. దాహంతో వచ్చినవాణ్ణి, దాహమే తెచ్చిపెట్టాను నీకు," అన్నారు అయ్యగారు. అంతవరకూ కొత్త నాటకమే. తమ్ముడి కళ్ళు మెరిశాయి.

అప్పుడు అయ్యగారు తలమీది విగ్గు తీసి కింద పెట్టారు. జనంవైపు తిరిగారు.

"ఇది నాటకంలో మాట కాదు," అన్నారు. "ఇరవై రెండేళ్ళ కింద ఇదే స్టేజీ మీద నా కాలు విరిగింది. గడియ వీడు తీశాడన్నాను. వీడు తియ్యలేదు. ఆ రోజు విరామంలో, మాటలు గుర్తురాక, ఎవరి కంటా పడకుండా చదువుకుందామని నేనే స్టేజీ కిందికి దిగాను. గడియ తీసి ఈ తలుపులోంచే పైకొచ్చాను. కిందికి దిగి మళ్ళీ వెయ్యడం మరిచాను. కాలు జారిన క్షణమే నాకు తెలుసు. సిగ్గుపడి చెప్పలేదు."

ముందు వరుసలో ఎవరో వెక్కారు. కమిటీ పెద్ద కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. పత్రికవాళ్ళు గబగబా రాసుకుంటున్నారు. అయ్యగారు తమ్ముడి వైపు తిరిగి చేతులెత్తారు.

"నన్ను క్షమిస్తావా?"

గుసగుసమ్మ తమ్ముడి మొహం చూసింది. మొదట తెల్లబోయింది, తర్వాత బిగుసుకుంది. ఈ ఒప్పుకోలు మేడమీది గదిలో లేదు. వాడికి తెలిసింది ఉప్పువాడి మాట ఒక్కటే. దొరను క్షమించడానికి ఉప్పువాడు ఒప్పుకున్నాడు. ఇప్పుడదే మాట వాడి సొంత నోటితో, సొంత బతుకు గురించి చెప్పాల్సి వచ్చింది. చెప్పాల్సిన జవాబు కూడా ఆయనే రాసి, వారం రోజులు ఆయనే దగ్గరుండి బట్టీ పట్టించాడు.

తమ్ముడు మాట్లాడలేదు.

కాసేపు జనం అదీ నాటకమే అనుకున్నారు. మౌనం సాగింది. అయ్యగారి మోకాలు వణకడం మొదలైంది. ఆయన తల కొద్దిగా గూటివైపు తిప్పారు. ముప్ఫై ఒక్కేళ్ళుగా మాట కావలసినప్పుడల్లా తిప్పినట్టే.

"అందించు," అన్నారు పెదవి కదపకుండా.

ఆమె దగ్గర కాగితం లేదు. కానీ మాట ఉంది. మూడు రోజులు తలుపుకు చెవి ఆనించి విన్న మాట. ఏనాడో క్షమించాను. ఎంతసేపు, రెప్పపాటు పని. అలవాటుపడ్డ నాలుక దానంతటదే పైకి లేచింది. తమ్ముడు అప్పుడు ఆమెవైపు చూశాడు. మాట మరిచిపోయిన నటుడు చూసే చూపు ఆమెకు బాగా తెలుసు, ఇది అది కాదు. ఇరవై రెండేళ్ళ కింద గ్రీన్‌రూమ్‌లో, ఆమె నోరు తెరవడానికి ముందు, ఇలాగే చూశాడు.

గుసగుసమ్మ నోరు మూసుకుంది.

"అందించవే!" ఈసారి మొదటి వరుసకు వినపడింది.

ఆమె తల అడ్డంగా ఊపింది.

తమ్ముడు భుజం మీది కావడి కింద పెట్టాడు. ముందుకొచ్చి చెయ్యి చాచాడు. "తాళపుచెవులివ్వండి," అన్నాడు, మామూలు గొంతుతో.

అయ్యగారికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. మొలనుంచి గుత్తి ఊడదీసి ఇచ్చారు. తమ్ముడు దాన్ని పక్కన పెట్టి, ఆయన చంకల కింద చేతులు వేసి లేపాడు, కర్ర చేతికిచ్చాడు, స్టేజీ పక్క వింగులోకి వెళ్ళిపోయాడు. తెర లాగేవాడు ఇంక చాలనుకున్నాడో ఏమో లాగేశాడు. ముందు వరుసలు చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాయి. వెనక బల్లలవాళ్ళు మాత్రం చప్పుడు చెయ్యకుండా లేచి నిలబడ్డారు.

గ్రీన్‌రూమ్‌లో అయ్యగారు కుర్చీలో కూలబడి ఉన్నారు. చెమటకు రంగు కారిపోయి మొహం మీద చారలు కట్టింది.

"ఎందుకు అందించలేదు?" అన్నారు ఆమెను చూడగానే.

"నా దగ్గర కాగితం లేదండీ. మీరే తీసుకున్నారు."

"నీకు మాట తెలుసు! విగ్గులు దువ్వుతూ తలుపు దగ్గర కూర్చోవడం చూడలేదనుకున్నావా? ఊరి ముందు మోకాళ్ళ మీద పడ్డాను. ఇంకేం చెయ్యమంటారు అక్కాతమ్ముళ్ళు?"

"వాణ్ణి ఒంటరిగా అడిగుంటే బాగుండేదండీ," అంది ఆమె. "ఎలాగూ ఒక వారం ఒకే గదిలో కూర్చున్నారుగా."

అయ్యగారు అద్దంవైపు తిరిగి రంగు తుడుచుకోసాగారు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నారు.

ఆమె గూట్లోంచి తన దిండూ, కళ్ళజోడూ తీసుకుంది. వెనక గుమ్మం దగ్గర తమ్ముడు చొక్కా వేసుకుంటున్నాడు. ఇద్దరూ పేట దాకా నడిచారు. ఉప్పుకుప్పల మీద ఎండ ఇంకా పోలేదు.

"ఒరేయ్," అంది చివరికి. "నువ్వే చేశావని నమ్మానురా ఇన్నాళ్ళూ."

"తెలుసు."

"నీ చెయ్యి చూశాను. చూసిందే చెప్పాను."

"చూసిందే చెప్పావు. దానికి నాకు కోపం లేదు." తమ్ముడు ఆగాడు. "ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఏరా, వేశావా తీశావా అని ఒక్క మాట అడగలేదు. అందరూ అడగకపోయినా పర్లేదు. నువ్వు అడుగుతావని గుమ్మంలో కూర్చున్నాను."

"తప్పయిపోయిందిరా," అంది. ఇంకో మాట కలపలేదు, ఆయనలా ప్రశ్న వెయ్యలేదు. తమ్ముడు క్షమించాననలేదు. ఇంటి మలుపు దగ్గర మాత్రం, "వచ్చే ఆదివారం రా. ఏం మాట్లాడకపోయినా పర్లేదు, కూర్చుని వెళ్దువుగాని," అన్నాడు.

ఆమె వెళ్ళింది. ఆ పై ఆదివారమూ వెళ్ళింది. మొదటిసారి ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు, రెండోసారి అమ్మ గురించి.

పత్రికలు అయ్యగారిని ఒకటే పొగిడాయి. కమిటీ మాత్రం పేరు సంగతి నానుస్తోంది. కొందరు పెట్టాలంటారు, కొందరు ఆ చివరి మౌనం సంగతేంటంటారు. బోర్డు ఇంకా మేకు మామ కొట్టులోనే ఉంది.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం తమ్ముడి ఇంటి తలుపు కొట్టిన చప్పుడైంది. గుసగుసమ్మే తీసింది. గుమ్మంలో అయ్యగారు. మామూలు చొక్కా, చేతిలో కర్ర. అంత దూరం నడిచినట్టున్నారు, ఆయాసపడుతున్నారు. మరదలు కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఆ రోజు గడియ తీసింది నేను. నీ తప్పేం లేదు," అన్నారు తమ్ముడితో. "అది చెప్దామనే వచ్చాను."

అంతటితో ఆగారు. ఏమీ అడగలేదు. గుసగుసమ్మ ఆయన ఇంకేమంటారోనని చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు.

తమ్ముడు చాలాసేపు ఆయన కాలివైపు చూశాడు. "ఇంత ఎండలో నడిచొచ్చారా?" అన్నాడు. "కూర్చోండి. టీ తాగి వెళ్దురు."

ఆయన కూర్చుని టీ తాగారు. చక్కెర ఎక్కువైందన్నారు. పోతూ పోతూ ఆమెవైపు తిరిగి, "కొత్త ప్రాంప్టరు గుసగుసలాడితే బాల్కనీకి వినపడుతోంది. నీకు వీలుంటే రా," అన్నారు.

"ఆలోచిస్తానండీ," అంది.

ఆయన వీధిలోకి దిగగానే ఆమె గబగబా గుమ్మంలోకి వచ్చింది. మలుపు దగ్గర పత్రికవాడెవడైనా నిలబడ్డాడా, కమిటీవాళ్ళ కారేదైనా ఆగి ఉందా అని అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ఎండ మాడ్చేస్తోంది, ఒక్క కిటికీ కూడా తెరిచి లేదు. అయ్యగారు పది అడుగులకోసారి ఆగుతూ, గోడ నీడ పట్టుకుని నడుస్తున్నారు. ఆయన మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.